బదులు డబ్బా

రావివాగులో మస్తాన్ సైకిల్ షాపును చంపింది ఆన్‌లైన్ కాదు, సన్మానం.

ఆన్‌లైనే చంపిందని ఊళ్ళో చాలామంది అంటారు. అననీ. ఫోనులో బ్రేకులు, సీట్లు తెప్పించుకునేవాళ్ళు అప్పుడూ తెప్పించుకున్నారు. తెచ్చి మస్తాన్ చేతే బిగించుకున్నారు. మస్తాన్ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "పెళ్ళి ఎక్కడో చేసుకొచ్చి కాపురం నా కొట్లో పెడతన్నారు" అంటూనే బిగించి ఇచ్చేవాడు. వాటిలో సగం సరిపోయేవి కావు. అప్పుడు బదులు డబ్బా బయటికొచ్చేది. ఆ డబ్బా చప్పుడుతో, కాసిన్ని తిట్లతో, ఎవరో ఒకరు పోయించే టీతో కొట్టు బతికే ఉంది. ఈ సంగతి సింగరయ్యకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. భార్య అచ్చమ్మ పోయిన దగ్గర్నుంచి అతను రోజూ సాయంత్రం ఆ కొట్టు ముందు బల్ల మీదే కూర్చుంటున్నాడు. ఇంట్లో మాట్లాడడానికి మనిషి లేదు. బల్ల మీద కూడా అతను పెద్దగా మాట్లాడేవాడు కాదు. కానీ అక్కడ మాట్లాడకపోతే ఎవరో ఒకరు "ఏం బావా, మాట్లాడవే" అని అడుగుతారు. ఇంట్లో ఆ అడిగేవాళ్ళు లేరు.

బదులు డబ్బా అంటే మూత కోసిన పాత నూనె డబ్బా. మస్తాన్ తండ్రి కాలం నాటిది. ఏ సైకిలు నుంచి విప్పిన సామానైనా, ఇంకా కొన్నాళ్ళు పనికొస్తుందనిపిస్తే అందులో పడేది. ఎవరి సైకిలైనా దారిలో మొండికేస్తే అందులోంచే ఒకటి తీసి బిగించేవాడు. దానికి అమ్మకం లేదు, అద్దె లేదు. తీసుకున్నవాడు మళ్ళీ ఏదో ఒకటి తెచ్చి డబ్బాలో వెయ్యాలి, అంతే. ఆ లెక్కన రావివాగు సైకిళ్ళన్నీ ఒకదానికొకటి చుట్టాలు. వీడి పెడలు వాడి కాలి కింద, వాడి హ్యాండిలు ఇంకొకడి చేతిలో.

అచ్చమ్మ పక్కూరి అంగన్‌వాడీలో ఆయాగా చేసింది. లేడీస్ సైకిలు మీద వెళ్ళి వచ్చేది. ఆమె పోయాక ఆ సైకిలును ఇంట్లో ఉంచి చూడలేకపోయాడు సింగరయ్య. అమ్మితే వేరొకరు తొక్కుతుండగా అసలే చూడలేడు. తోసుకొచ్చి కొట్టు ముందు నిలబెట్టి, "విప్పెయ్" అన్నాడు. మస్తాన్ ఎందుకని అడగలేదు. విప్పి డబ్బాలో వేశాడు. ఆమె బెల్లు పోస్టుమాన్ కోటిలింగం సైకిలుకు పోయింది. చైను ఇడ్లీలమ్మే మనిషికి, సీటు ఇంకెవరికో. పొద్దున పదిగంటలప్పుడు వీధి చివర ఆ బెల్లు మోగితే సింగరయ్య తల తిప్పేవాడు కాదు, కానీ నములుతున్న ముద్ద ఆపేవాడు. వెనక చక్రానికి చైను పట్టే పళ్ళ బిళ్ళ, ఫ్రీవీలు ఒక్కటే డబ్బాలో మిగిలింది. మస్తాన్ దాన్ని అడుక్కి తోసి ఉంచాడు. ఎవరు ఫ్రీవీలు అడిగినా చెయ్యి పైపైనే తిప్పి, "లేదు పో" అనేవాడు. సింగరయ్య అది చూసేవాడు. ఆ మాట ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు.

ఇట్లా ఉండగా మున్సిపాలిటీకి కొత్త కమిషనర్ వచ్చాడు. ఆయన సైకిలిస్టు. మామూలుగా సైకిలు తొక్కేవాళ్ళు వేరు, సైకిలిస్టులు వేరు. ఆయన తెల్లవారగానే నెత్తిన టోపీ, ఒంటికి అతుక్కున్న బట్టలూ వేసుకుని ఎక్కడికీ వెళ్ళకుండా తొక్కేవాడు. ఒక పొద్దున మస్తాన్ కొట్టు ముందే ఆయన చైను తెగింది. ఆ సైకిలు సామాను ఎక్కడో విదేశంలో దొరుకుతుందట. మస్తాన్ బదులు డబ్బాలో వెతికి ఒక లింకు తీశాడు. అది సరిపోలేదు. ఇంకొకటి తీసి సుత్తితో రెండు దెబ్బలేశాడు. సరిపోయింది. కమిషనర్ కళ్ళు చెమర్చాయి. ఇలాంటి కొట్లు అంతరించిపోకూడదని అక్కడికక్కడే నిర్ణయించాడు.

చేసిన ఉపకారం ఊరికే పోదంటారు. పోలేదు.

పథకం పేరు "మన కొట్టు - మన పట్టు". ఊళ్ళో సైకిలు కొట్టు అదొక్కటే కాబట్టి పథకమంతా మస్తాన్ నెత్తినే పడింది. దాన్ని నడిపించడానికి స్థానికతా పర్యవేక్షణాధికారి అనే ఉద్యోగం పుట్టింది. అందులోకి వామనరావు వచ్చాడు. మనిషి మంచివాడే. రూలు లేని చోట ఊపిరాడదు, అంతే.

ముందు సన్మానం పెట్టారు. జనం వచ్చారు, మైకు వచ్చింది, సన్మానం మొదలవలేదు.

"దేనికి ఆగింది?" అని సింగరయ్య వామనరావును అడిగాడు.

"శాలువా మార్గమధ్యంలో ఉందండీ. ఫోనులో చూపిస్తోంది."

"ఎదురుగా బట్టల కొట్టుంది గదయ్యా."

"పారదర్శకత అని ఒకటుందండీ. ఎదురుగా కొంటే, అక్కడే ఎందుకు కొన్నారని అడుగుతారు. ఆన్‌లైన్‌లో కొంటే అడగరు."

చివరికి పార్సిలొచ్చింది. విప్పితే శాలువా కాదు, ఏనుగు పిల్లల బొమ్మలున్న పసిపిల్లల దుప్పటి. వాపసు పంపితే సభ వాయిదా పడుతుందని దాన్నే కప్పారు. అది మస్తాన్ ఒక భుజానికి సరిపోయింది. ఇత్తడి సైకిలు బొమ్మ జ్ఞాపికగా ఇచ్చారు. అదీ పార్సిల్లో వచ్చిందే, ఒక చక్రం లేదు. కమిషనర్ మైకు అందుకుని, "ప్రపంచీకరణ ప్రవాహంలో కొట్టుకుపోతున్న స్థానిక సూక్ష్మ వాణిజ్య వ్యవస్థలను సమగ్ర దృక్పథంతో ఒడ్డుకు చేర్చడమే ఈ పాలకవర్గ సంకల్పం" అన్నాడు. ఒడ్డునే ఉన్న మస్తాన్ చేతులు జోడించాడు.

మర్నాడు పేపర్లో ఫొటో పడింది. మస్తాన్ దాన్ని కత్తిరించి గోడకంటించాడు. ఆ రోజు నుంచి చొక్కా లోపలికి దోపడం మొదలుపెట్టాడు.

"చొక్కా దోపుకుని పంచరేస్తే గాలి ఎక్కువ నిలబడుద్దా?" అన్నాడు సింగరయ్య.

"నీకేం తెలుసు బావా. ఆఫీసర్లు వస్తాపోతా ఉంటారు."

అతని భార్య ఖాశింబీ లోపల్నుంచి, "దుప్పటి మాత్రం మనవడికి కొలత తీసి కుట్టినట్టుందన్నా" అంది. ఆ పథకంలో పనికొచ్చింది ఆ దుప్పటొక్కటే.

సన్మానం చేశాక మద్దతు ఇవ్వాలి. ఇచ్చిన మద్దతును కొలవాలి. ఊరికే చేతికి డబ్బిచ్చి చేతిలో సామాను పుచ్చుకుంటే మద్దతు ఎక్కడ జరిగినట్టు అని వామనరావు అడిగాడు. అందుకని మున్సిపాలిటీ ఒక యాప్ తయారు చేయించింది. మస్తాన్ కొట్లో ఏది కొన్నా అందులోనే ఆర్డరు పెట్టాలి.

మొదట చిక్కింది పోస్టుమాన్ కోటిలింగం. ట్యూబు చిరిగి, సైకిలు తోసుకుంటూ వచ్చాడు.

"ట్యూబియ్యి మస్తానూ. ఉత్తరాలున్నయ్."

"ఫోన్ తియ్యి."

"ఫోనెందుకు? నీ నెత్తి మీదే వేలాడతంది గదా."

"వేలాడితే? ఆర్డరు లేకుండా ఇస్తే మద్దతు కిందికి రాదంట."

కోటిలింగం ఆర్డరు పెట్టాడు. మస్తాన్ ట్యూబును పైనుంచి తీసి, అట్టపెట్టెలో పెట్టి, టేపు చుట్టి జిల్లా కేంద్రానికి పంపాడు. అది నిజంగా స్థానిక సరుకేనని అక్కడ తేల్చి, ముద్ర వేసి తిరిగి పంపుతారు. అది వచ్చేదాకా కోటిలింగం నడిచే ఉత్తరాలు పంచాడు. వీధి చివర బెల్లు మోగలేదు. సింగరయ్య అన్నం ముందు కాసేపు ఊరికే కూర్చుని, తర్వాత తిని లేచేవాడు. చివరికి ట్యూబు పోస్టులోనే తిరిగొచ్చింది. కోటిలింగం తన ట్యూబును తన సంచిలోనే వేసుకుని, ఎండలో నడిచి, తన పేరు తనే పిలుచుకుని, సంతకం పెట్టి తీసుకున్నాడు.

"నా ట్యూబు జిల్లా అంతా చూసొచ్చింది బావా" అన్నాడు మస్తాన్ మురిసిపోతూ. "నేనే ఇంతవరకు సరిగ్గా చూడలా."

అతను ట్యూబు తొడగబోతుంటే, తనిఖీకొచ్చిన వామనరావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"విక్రేతే బిగింపుదారు కాకూడదు. అమ్మినవాడే బిగిస్తే, లోపం సరుకులో ఉందా బిగింపులో ఉందా అనేది నిష్పాక్షికంగా తేలదు. బిగింపు వేరొక స్థానిక దుకాణంలో జరగాలి."

"ఊళ్ళో ఉన్నది ఇదొక్కటే గదా" అన్నాడు సింగరయ్య.

"అందుకే గదండీ దీన్ని పరిరక్షిస్తున్నాం."

కోటిలింగం ఆ ట్యూబును ఇంటి చూరుకు తగిలించి, ఫోనులో పెద్ద కంపెనీ ట్యూబు తెప్పించుకున్నాడు. అది మర్నాడే వచ్చింది. మస్తాన్ దాన్ని అమ్మలేదు కాబట్టి దర్జాగా బిగించాడు. రూలు అడ్డు రాలేదు. ఊరికి కిటుకు తెలిసిపోయింది. మస్తాన్ చేత పని చేయించుకోవాలంటే మస్తాన్ దగ్గర కొనకూడదు. అంతకుముందు సగం మందే ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు. పథకం పుణ్యాన అందరూ కొన్నారు.

ఆ తర్వాత వామనరావు కన్ను బల్ల మీద పడింది. బల్ల అనేది వినియోగదారుల నిరీక్షణా సదుపాయం. ఆర్డరు లేనివాడు వినియోగదారుడు కాడు.

"కూర్చోవాలంటే ఏదో ఒకటి కొనండి మరి" అన్నాడు వామనరావు. అతనికి సింగరయ్యను లేపెయ్యాలని లేదు. దారి చూపించాననే అనుకున్నాడు.

సింగరయ్య చిన్న ఫోను పక్కన పెట్టి పెద్ద ఫోను కొన్నాడు. రోజూ సాయంత్రం వచ్చి ఒక వాల్వ్ ట్యూబు ఆర్డరు పెట్టి కూర్చునేవాడు. చిటికెన వేలంత రబ్బరు ముక్క. మస్తాన్ దానికొక అట్టపెట్టె కట్టి జిల్లా కేంద్రానికి పంపేవాడు. ఇంట్లో అచ్చమ్మ పచ్చళ్ళు పెట్టే జాడీ వాల్వ్ ట్యూబులతో నిండింది.

"ఎందుకు బావా ఇయ్యన్నీ?" అన్నాడొకసారి మస్తాన్.

"కూర్చోడానికి."

మస్తాన్ తల వంచుకుని టేపు చుట్టాడు. చొక్కా మాత్రం దోపుకునే ఉన్నాడు.

కొట్లో అమ్మకాలు పడిపోయాయని యాప్ చూపించింది. కమిషనర్ ఆందోళన చెంది, కొట్టుకు ఇంకో ఆదాయమార్గం చూపాలన్నాడు. చూపించారు. ఊళ్ళోకి వచ్చే ఆన్‌లైన్ పార్సిళ్ళన్నిటికీ మస్తాన్ కొట్టును పంపిణీ కేంద్రం చేశారు. స్థానిక దుకాణాన్ని కాపాడటానికి ఇంతకంటే మంచి పద్ధతి రాష్ట్రంలో ఎవరికీ తట్టలేదని కమిషనర్‌ను పైవాళ్ళు మెచ్చుకున్నారు. మస్తాన్‌కు పార్సిళ్ళ కంపెనీ బొమ్మ ఉన్న చొక్కా ఇచ్చారు. పార్సిలు అతని చేతి మీదుగా పోతుంది కాబట్టి, ఇప్పుడు అతను దానికీ సంబంధించినవాడే. కాబట్టి అది కూడా బిగించకూడదు.

అంటే ఇక ఏదీ బిగించకూడదు.

పెట్టెలకు చోటు చాల్లేదు. పానాలు అటకెక్కాయి. గాలి పంపు ఖాశింబీ కట్టెల మూలకు పోయింది. బదులు డబ్బా దగ్గరికొచ్చేసరికి వామనరావు ఆగిపోయాడు. దీన్ని అమ్మినవాడు లేడు, కొన్నవాడు లేడు. వాణిజ్యం కాదు, దానమూ కాదు. ఏ రూలు కిందికీ రాదు. అతనికి ఊపిరాడలేదు. కమిషనర్‌ను పిలిపించాడు.

కమిషనర్ డబ్బా చుట్టూ తిరిగి చూశాడు. "ఇది వారసత్వం" అన్నాడు.

తూకం వేసి, మున్సిపాలిటీ వరండాలో అద్దాల బీరువాలో పెట్టారు. "స్థానిక వినిమయ సంస్కృతికి నిలువుటద్దం" అని కింద రాశారు. బీరువాకు తాళం ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టారు. అది వచ్చేదాకా పురికొసతో కట్టి ఉంచారు.

సింగరయ్య ఆఫీసుకు వెళ్ళాడు. అతను ఆ మెట్లెక్కడం అచ్చమ్మ చావు పత్రం తీసుకున్నప్పటి తర్వాత మళ్ళీ అదే.

"ఆ డబ్బాలో నాదొక వస్తువుంది."

"మీదని ఎలా చెప్పగలరండీ?" అన్నాడు వామనరావు.

"మా ఆవిడ సైకిలుది. ఫ్రీవీలు."

వామనరావు టేబుల్ మీది పేపర్‌వెయిట్ తిప్పాడు. "నాకు అర్థమవుతుందండీ. కానీ అందులో వేసినప్పుడే అది అందరిదీ అయింది గదా. అందరిదీ అయినదాన్ని ఒకరికిస్తే, మిగతా అందరికీ నేను సమాధానం చెప్పాలి."

ఆ మాటలో తప్పేమీ లేదు. డబ్బా పద్ధతీ అదే. సింగరయ్యకు అందుకే ఒళ్ళు మండింది. బయటికొచ్చి అద్దంలోంచి చూశాడు. ఫ్రీవీలు అడుగున ఎక్కడో ఉంది, కనపడలేదు.

ఆ వారంలోనే అతని సొంత సైకిలు ఫ్రీవీలు పళ్ళు అరిగి జారిపోయింది. పెడలు తిరుగుతుంది, చైను తిరుగుతుంది, వెనక చక్రం కదలదు. చూసిన వామనరావు కూడా జాలిపడ్డాడు, కొత్తదానికి ఆర్డరు పెట్టమన్నాడు. సింగరయ్య పెట్టలేదు. తోసుకుంటూ వచ్చి, బల్లకానించి, వాల్వ్ ట్యూబే ఆర్డరు పెట్టి కూర్చున్నాడు.

పథకానికి అవార్డు వచ్చింది. మళ్ళీ మైకు వచ్చింది. కొట్టు ముందే సభ. కొట్టు కనపడకుండా బ్యానరు కట్టారు. కమిషనర్ మాట్లాడాక, వామనరావు ఒక ప్రకటన చేశాడు. యాప్‌లో ఊరందరి కంటే ఎక్కువసార్లు స్థానిక సరుకు కొన్న ఉత్తమ పౌరుణ్ణి సత్కరిస్తున్నాం. చూస్తే ఆ పౌరుడు సింగరయ్య. జనం నవ్వారు. వాల్వ్ ట్యూబుల సంగతి అందరికీ తెలుసు. కోటిలింగం మాత్రం నవ్వలేదు. ఆ పెట్టెలన్నీ మోసింది అతనే.

బహుమతిగా గేర్ల సైకిలు. మనిషెత్తు అట్టపెట్టెలో ముక్కలు ముక్కలుగా వచ్చింది. పెట్టెకు రిబ్బను కట్టారు.

"రెండు మాటలు మాట్లాడండి" అని మైకు చేతికిచ్చారు.

సింగరయ్య మైకు పక్కన పెట్టి, వెనక్కి తిరిగి, కంపెనీ చొక్కాలో నిలబడ్డ మస్తాన్‌ను చూశాడు. బల్లకానించి ఉన్న తన పాత సైకిలును చూపించాడు.

"ఈ పెట్టె నాకొద్దు. నా బండి బిగిస్తావా?"

జనం మస్తాన్ వైపు తిరిగారు. ఊఁ అంటే అయిపోయే మాట అది. ఎన్నో ఏళ్ళుగా ఆ కొట్లో రోజూ వినపడిన మాటే. మస్తాన్ చేతులు కొంచెం కదిలాయి కూడా. అప్పుడతను వామనరావు వైపు చూశాడు.

అంతే. ఒక్క చూపు. వామనరావుకు వద్దని అనాల్సిన పని లేకుండా పోయింది.

సింగరయ్య సైకిలు తోసుకుంటూ ఇంటికి పోయాడు. మర్నాడు బల్ల దగ్గరికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. యాప్‌లో మద్దతు సున్నాకు పడిపోయింది. కమిషనర్‌కు అప్పటికే బదిలీ అయింది, అవార్డు తీసుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక మస్తాన్ సింగరయ్య ఇంటికొచ్చాడు. టోపీ జేబులో ఉంది. చొక్కా బయటికి ఉంది, పాతది, గ్రీజు మరకలది. చంకలో పానాల సంచి. వాకిట్లో ఉన్న సైకిలును అడక్కుండానే తలకిందులు చేసి, వెనక చక్రం విప్పాడు. సంచిలోంచి ఒక ఫ్రీవీలు తీశాడు. కిరసనాయిలుతో కడిగినట్టున్నాడు, మెరుస్తోంది.

"అక్కది" అన్నాడు.

సింగరయ్య గడపలోంచి కదల్లేదు.

మస్తాన్ బిగించాడు. చైను ఎక్కించి చేత్తో పెడలు తిప్పి వదిలాడు. చక్రం కిరకిరమని చాలాసేపు తిరిగింది. అచ్చమ్మ వాకిట్లోకి దొర్లించుకుంటూ వచ్చేటప్పుడు వినపడే చప్పుడు అది. ఇద్దరూ ఆగేదాకా విన్నారు.

"బావా, ఆ రోజు..." అన్నాడు మస్తాన్.

"ఎత్తమాక."

"అది కాదు బావా, నా చొక్కా..."

"ఎత్తమాకన్నా."

మస్తాన్ చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. సింగరయ్య ఆగమనలేదు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

సోమవారం వామనరావు వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. బీరువా తాళం ఎట్టకేలకు వచ్చిందట. వేసే ముందు రూలు ప్రకారం డబ్బాను మళ్ళీ తూచారట.

"బరువు పెరిగిందండీ" అన్నాడు. "లోపల చూస్తే ఒక చక్రం లేని ఇత్తడి సైకిలు బొమ్మ ఉంది. మేం మస్తాన్‌కు ఇచ్చిన జ్ఞాపిక. అది వారసత్వంలోకి ఎలా వచ్చిందో తెలియడం లేదు. అందులోంచి ఏదైనా పోయిందేమోనని కూడా సందేహం. పోయి ఉంటే దొంగతనం. కానీ దొంగ బదులు పెట్టి పోడు గదా. దీన్ని ఏమనాలో కమిటీకి అంతుపట్టడం లేదు. మీరొకసారి ఫ్రీవీలు ఉందని చెప్పారు..."

వాకిట్లో సైకిలు స్టాండు వేసి ఉంది. వామనరావు దాని వెనక చక్రం వైపు చూశాడు. అతని చూపు అక్కడే నిలిచింది.

సింగరయ్య తువ్వాలు భుజాన వేసుకుని, సైకిలు స్టాండు తీసి, ఎక్కాడు. ఒక తొక్కు తొక్కాడు. చక్రం కదిలింది.

"డబ్బా సంగతి, మస్తాన్ సంగతి ఇంక నా దగ్గర ఎత్తమాకండి. మీకైనా, ఎవరికైనా నేను చెప్పేది లేదు."

తర్వాత కమిటీ పిలిచింది. పోలేదు. మస్తాన్ రెండుసార్లు వీధిలో ఎదురుపడ్డాడు. సింగరయ్య పక్కకు తప్పుకుని పోయాడు. ఎవరు ఎంత అడిగినా ఆ తర్వాత ఆ మాట అతని నోటి వెంట రాలేదు. రాదు.